గొలుసు రంపము మొరాయించినపుడు

యంత్రమనునది వాడుకచేతనే అరిగి చెడునని మనము సామాన్యముగ తలంతుము గాని, పెట్రోలుతో నడచు గొలుసు రంపము విషయమున విశ్రాంతియు అంతటి హానియే చేయును. టాంకులో కొంత ఇంధనము మిగిలియుండగనే మూలబెట్టబడి, రెండు మూడు వర్షాకాలములు గడచిన పిమ్మట మరల చేతికి తీసికొనబడిన రంపమునందు లోహభాగములన్నియు చెక్కుచెదరక యున్నను, పెట్రోలు ఆవిరియైపోగా మిగిలిన జిగురు సన్నని రంధ్రములను మూసివేసియుండును, గొట్టములు పెళుసెక్కియుండును, పలుచని రబ్బరు పొరలు బిరుసెక్కి తమ కదలికను కోల్పోయియుండును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినపుడు, కూలిన చెట్లతో మూసికొనిపోయిన వీథులను తెరచుటకు సహాయ దళములవారు చేతబట్టినది ఇట్టి రంపములనే. అట్టి ఆపద్దినమున, ఇంట రంపమున్నది గదా యను ధైర్యముతో అటకమీదినుండి దానిని దింపి త్రాడు లాగువానికి, అది ఉలుకక పలుకక యూరకుండుటకంటె విసుగు గొల్పునది మఱొకటి యుండదు. అప్పుడతడు తరచుగ చేయు మొదటి పని కార్బురేటరు మరలను అటునిటు త్రిప్పుట. మొదట చేయరాని పనియు నదియే.

త్రిప్పుటకు వీలుగ నున్నది గనుక మరను త్రిప్పుదుము. అంతకు మించిన హేతువు సాధారణముగ నుండదు. కాని నిన్నటివరకు చక్కగ నడచిన యంత్రమున మరలు తమంత తాము తిరుగుట అరుదు. లోపల నేదో యొకటి మారినది. ఆ మారినదేదో తెలిసికొనకమునుపే మర త్రిప్పినచో, మొదటి లోపమునకు తోడు రెండవ లోపమును మనమే కల్పించినవారమగుదుము. ప్రాత రంపమును బాగుచేయువాని నేర్పు చేతులలోకంటె అతడు యంత్రమును అడుగు ప్రశ్నల వరుసలో నెక్కువగ నున్నదని నా యభిప్రాయము.

ఆ ప్రశ్నలు అర్థము కావలెనన్న యంత్రము పుట్టుపూర్వములు కొంత తెలియవలెను. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఆండ్రియాస్ స్టిల్ అను ఇంజనీరు 1926లో విద్యుచ్ఛక్తితో నడచు గొలుసు రంపమును నిర్మించెను; మరుసటి యేడు ఎమిల్ లెర్ప్ అనునాతడు తురింగియా ప్రాంతపు డోల్మార్ కొండపై పెట్రోలు రంపమును పరీక్షించి, ఆ కొండ పేరునే తన యంత్రములకు పెట్టుకొనెను. అవి ఇద్దరు మనుష్యులు చెరియొక కొసను పట్టి మోయవలసిన బరువైన సాధనములు. వానికి మరియొక యిబ్బందియు నుండెను. ఆనాటి కార్బురేటరులందు, నిన్న మొన్నటి మన స్కూటర్లలో వలెనే, గిన్నెలో తేలు బుడ్డి యొకటి పెట్రోలు మట్టమును నిర్ణయించుచుండెడిది; ఇంజను నిటారుగ నున్నంతవరకే ఆ ఏర్పాటు పనిచేయును గాని, ప్రక్కకు వంచిన వెంటనే పెట్రోలు ఒలికిపోయి యంత్రము ఆగిపోవును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట తేలు బుడ్డికి మారుగ రబ్బరు పొరతో పనిచేయు కార్బురేటరు రంపములకు అమర్చబడెను. నాటినుండి ఒక్క మనిషి రంపమును ప్రక్కకు వంచియు, తలక్రిందులు చేసియు కోయగల్గెను. ఈ సౌకర్యమంతయు ఆ పలుచని పొర మెత్తదనముమీద ఆధారపడియున్నదను సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

చేతక్, లాంబ్రెట్టా స్కూటర్ల కాలము నెరిగినవారికి టూ స్ట్రోక్ ఇంజను క్రొత్తది గాదు. ఇంగ్లండులో జోసెఫ్ డే 1891లో పేటెంటు పొందిన పద్ధతిలో, పెట్రోలును గాలియు కలసిన మిశ్రమము నేరుగ సిలిండరులోనికి బోక, ముందుగ పిస్టను క్రిందనున్న క్రాంకు గదిలోనికి పీల్చబడును. పిస్టను దిగివచ్చునపుడు అచ్చట అదుమబడి, ప్రక్కదారులగుండ పైకి పొంగి, కాలిపోయిన వాయువులను బయటికి నెట్టుచు సిలిండరును నింపును. కవాటములు లేవు, వేరుగ చమురు గుంట లేదు. పెట్రోలులో కలిపిన టూ టీ ఆయిలే బేరింగులను, పిస్టనును తడుపుచు పోవలెను. 1980వ దశకమున విరివిగ వాడబడిన హస్క్‌వర్నా 61 అను రంపమును తీసికొనుడు: సిలిండరు వ్యాసము 48 మిల్లీమీటర్లు, పిస్టను నడక 34 మిల్లీమీటర్లు, మొత్తము పరిమాణము 61.5 ఘన సెంటీమీటర్లు. ఇట్టి ఇంజను నిమిషమునకు 12,000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 200 పర్యాయములు మిశ్రమము వెలుగుచుండును. ఆ వేగమున దానికి పెట్రోలు శక్తినిచ్చు వస్తువు మాత్రమే గాదు. తన వెంట కందెనను మోసికొనివచ్చునదియు అదియే, ఆవిరియగుచు లోపలి వేడిమిని కొంత హరించునదియు అదియే. కావున పెట్రోలు కొరతపడినపుడు ఈ ఇంజను ఊరక నీరసించుటతో సరిపెట్టుకొనదు. చమురును చల్లదనమును ఏకకాలమున కోల్పోవును. ప్రాత రంపముల పెద్ద వ్యాధులలో ననేకములకు మూలమిచ్చటనే యున్నది.

అయినను ఇంజనుమీద నేరము మోపుటకు ముందు గొలుసును చూచుట న్యాయము. బలము తగ్గినదని మరమ్మతునకు తెచ్చిన రంపమునకు ఇంజను నిక్షేపముగ నుండి, పండ్లు మాత్రము మొద్దుపోయి యుండుట కద్దు. దీనికి సాక్ష్యము నేలమీదనే దొరకును: పదునైన పన్ను దుంగనుండి దళసరి పెచ్చులను విసరును, మొద్దుపోయిన పన్ను మెత్తని పొట్టును రాల్చును, కోసినచోట పొగయు లేచును. నేడు మనమెరిగిన ఈ పంటి ఆకారము 1946 ప్రాంతమున అమెరికాలోని ఓరెగన్ అడవులలో పుట్టినది. అచ్చట చెట్లు నరకుటలోను, రంపపు పండ్లు సానబెట్టుటలోను కాలము గడపిన జోసెఫ్ కాక్స్ అను నాతడు, కట్టెపురుగు డింభకమొకటి నారను లెక్కింపక అడ్డముగను నిలువుగను కొయ్యను తొలుచుకొనిపోవుట గమనించి, దాని వంపుతిరిగిన జంట దవడలను చూచి, అదే రీతిని ఎడమ కుడి వైపులకు వంగిన పండ్లతో గొలుసును కల్పించి, మరుసటి యేడు వ్యాపారముగ ప్రారంభించెను. పురుగు దవడనుండి యంత్రమును నేర్చుకొన్న యీ యుదంతము నాకెంతో ప్రీతికరము.

ఈ పన్ను పనిచేయు విధము వడ్రంగి చిత్రికను పోలియుండును. చిత్రికలో ఉలి అడుగుచెక్కనుండి ఎంత బయటికి వచ్చియున్నదో అంత మందముగల పొరయే లేచును గదా. అటులనే ప్రతి పంటికి ముందు ఒక చిన్న దిమ్మ యుండి, అది పంటి అంచుకంటె సుమారు 0.65 మిల్లీమీటరు దిగువగ నిలిచి, ఒక్కొక్క పర్యాయము ఎంత కొయ్య తీయవలెనో నిర్ణయించును. పంటి పైభాగము వెనుకకు వాలియుండుటచేత, ఆకురాయి పట్టిన కొలది పన్ను పొట్టిదగుటయే గాక ఎత్తును తగ్గును. దిమ్మ మాత్రము మొదటి యెత్తుననే యుండిపోవును. కొన్ని పర్యాయములు సానబట్టిన పిమ్మట పన్ను వ్రేలిని కోయునంత పదునుగ నున్నను కొయ్యను పట్టకపోవుటకు కారణమిదియే. అప్పుడు చదును ఆకురాయితో దిమ్మనుగూడ కొంచెము తగ్గింపవలెను. మితిమీరి తగ్గించినచో రంపము కొయ్యను కొరికి ఎగిరిపడును. అంగుళములో ఎనిమిదింట మూడు వంతుల పిచ్ (లంకెల నడిమి సగటు ఎడము) గల గొలుసునకు 5.5 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయియు, అంతకు చిన్నదగు 0.325 అంగుళపు గొలుసునకు 4.8 మిల్లీమీటర్లదియు వాడుదురు. కోణము సుమారు 30 డిగ్రీలు. ఎడమ పండ్లు ఒక పొడవునను, కుడి పండ్లు మరియొక పొడవునను ఉన్నచో కోత వంకరపోవును. గొలుసు వేగమెంతయో లెక్కించుట కష్టము గాదు: ఏడు పండ్ల చక్రము ఒక చుట్టు తిరిగిన పెద్ద పిచ్ గల గొలుసు సుమారు 133 మిల్లీమీటర్లు జరుగును, నిమిషమునకు 9,000 చుట్లయినచో అది సెకనునకు 20 మీటర్లు, అనగా గంటకు 72 కిలోమీటర్లు. ఆ వేగమున పోవు పన్ను తుమ్మ మొదలునంటిన యిసుకను ఒక్క క్షణము తాకినను, అరగంట సేపు పట్టిన పదునంతయు పోవును.

గొలుసు నిర్దోషియని తేలిన పిమ్మట ప్లగ్గు దగ్గరకు రావలెను. పలుమార్లు త్రాడు లాగిన పిమ్మట ప్లగ్గును విప్పి చూచిన, అది తడిగ నున్నదా పొడిగ నున్నదా యనునదియే కథను రెండు శాఖలుగ చీల్చును. తడిగ నున్నచో పెట్రోలు వచ్చుచున్నది, రవ్వ పుట్టుట లేదు, లేదా చోకును అతిగ వాడుటచే సిలిండరు పెట్రోలుతో నిండిపోయినది. పొడిగ నున్నచో పెట్రోలే రాకున్నది. రవ్వను చూచుటకు, ప్లగ్గు లోహభాగమును సిలిండరు రెక్కలకు ఆనించి త్రాడు లాగవలెను. తెరచియున్న ప్లగ్గు రంధ్రమునకు ఎడముగ దానిని పట్టుట అవసరము, ఏలయన ఆ రంధ్రమునుండి వెలువడు పెట్రోలు ఆవిరి అంటుకొనవచ్చును. రవ్వ లేనియెడల కాయిలును నిందింపక, ముందుగ ఇంజనును ఆపు స్విచ్చి తీగను విడదీసి చూడవలెను. ప్రాత తీగ పైపొర చిట్లి శరీరమునకు తగులుచున్నచో యంత్రము ఎల్లప్పుడును ఆపబడియే యుండును.

1970వ దశకమునకు పూర్వపు రంపములలో పలుమారు స్కూటర్లలో వలె పాయింట్లును కండెన్సరును ఉండును. మూలబడియున్న కాలమున పాయింట్ల ముఖములపై కంటికగపడని తుప్పుపొర యేర్పడి విద్యుత్తును అడ్డగించును. సన్నని గరుకు కాగితముతో తుడిచి, ఆపై శుభ్రమైన తెల్లకాగితపు ముక్కను నడుమ లాగి, ఎడమును మిల్లీమీటరులో 0.35, 0.4 ల నడుమ నిలిపినచో మృతప్రాయముగ నున్న యంత్రము లేచి కూర్చుండుటయు కలదు. ప్లగ్గు ఎడము 0.5 మిల్లీమీటరు, తిరుగు చక్రమందలి అయస్కాంతమునకును కాయిలునకును నడుమ ఎడము సుమారు 0.3 మిల్లీమీటరు, అనగా ఒక దళసరి విజిటింగు కార్డు దూరునంత. త్రాడు లాగినపుడు చేతిని వెనుకకు విదలించి కొట్టుచున్నచో, చక్రమును ఇరుసుపై సరియైన చోట నిలుపు చిన్న మేకు సగము తెగి, రవ్వ పుట్టవలసిన క్షణము తప్పినదని శంకింపవలెను.

ప్లగ్గు పొడిగ నున్న శాఖకు వచ్చిన, ఒక చిన్న పరీక్ష ఎంతో వివరమును తెలుపును. ప్లగ్గు రంధ్రమున నాలుగైదు చుక్కలు మిశ్రమమును వేసి, బిగించి, త్రాడు లాగుడు. యంత్రము రెండు మూడు సెకనులు గర్జించి ఆగిపోయినచో, రవ్వయు సంపీడనమును చాలినంత కలవనియు, దోషము టాంకునకును సిలిండరునకును నడుమ దారిలోనున్నదనియు ఒక్క దెబ్బతో తేలును. ఆ దారి యొక వడపోత బిళ్ళతో మొదలగును: టాంకులో మెత్తని గొట్టము కొసన వ్రేలాడుచు, రంపము నెటు వంచినను పెట్రోలున్న వైపునకే జారునది. గొట్టము టాంకు గోడను దాటుచోట పగులుట పరిపాటి. పగిలిన గొట్టము పెట్రోలునకు బదులు గాలిని పీల్చును. మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి ఇరువదివరకు పెరిగినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హద్దు మీరినపుడు ఇథనాలు నీటితో కలసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు చేరును. వడపోత బిళ్ళ యున్నదియు ఆ అడుగుననే. నలువదియేండ్ల క్రిందటి రబ్బరులు ఇట్టి ఇంధనమును దృష్టిలో నుంచుకొని చేయబడినవి గావు. కొన్ని ఉబ్బును, కొన్ని బిగిసిపోవును. కలిపిన మిశ్రమమును నెలల తరబడి నిలువయుంచక, పని ముగిసిన పిమ్మట టాంకును ఖాళీచేసి, మిగిలినది కాలిపోవువరకు నడపి మూలబెట్టువాడు ఈ అధ్యాయమును చదువ నక్కరలేదు.

కార్బురేటరు చూచుటకు అగ్గిపెట్టె యంత గాని, అందు రెండు పొరలు రెండు వేరు వేరు పనులు చేయుచుండును. క్రాంకు గదిలో పిస్టను పైకి పోయినపుడు శూన్యమును, క్రిందికి వచ్చినపుడు ఒత్తిడియు పుట్టును గదా. ఆ స్పందనము ఒక సన్నని దారిగుండ మొదటి పొరకు చేరి దానిని పైకి క్రిందికి ఆడించుటచేత, అదియొక పంపుగ మారి టాంకునుండి పెట్రోలును తోడును. రెండవ పొరకు ఒకవైపున బయటి గాలియు, మరియొకవైపున పెట్రోలు గదియు నుండును. ఇంజను గాలిని పీల్చినపుడు ఆ గదిలో ఒత్తిడి తగ్గి, పొర లోనికి వంగి, ఒక చిన్న మీటను నొక్కి, సూదిని పైకి లేపి, కావలసినంత పెట్రోలును మాత్రమే రానిచ్చును. పొర బిగిసిపోయినచో మీటను తగినంత నొక్కజాలదు. అపుడు యంత్రము చోకుమీద నడచి, చోకు తీయగనే ఆగిపోవును. ఇట్టి లక్షణము కనబడినపుడు మర త్రిప్పి ఎక్కువ పెట్రోలు నిచ్చుట బిగిసిన పొరకు తాత్కాలికముగ ఊతకఱ్ఱ నిచ్చుటయే. కొన్ని దినములలో అది మరింత బిగియును. పొరలును, సూదియు, చిన్న జల్లెడయు కలసి కిట్టుగ దొరకును. కార్బురేటరును విప్పునపుడు రంధ్రములలో తీగలు గ్రుచ్చరాదు. వాని కొలత తయారుచేసినవాడు నిర్ణయించినది, తీగతో పెరిగిన రంధ్రము మరల తగ్గదు.

చల్లగ నున్నపుడు చక్కగ నడచి, పదునైదు నిమిషములు కోసిన పిమ్మట ఆగిపోయి, కొంతసేపు విశ్రమించిన మరల నడచు రంపము ఎల్లవారిని ఏడిపించును. ఈ ఒక్క లక్షణమునకు కారణములు పరస్పర సంబంధము లేనివి రెండుండుట దీనిలోని చిక్కు. మొదటిది టాంకునకు గాలి నిచ్చు సన్నని దారి మూసికొనుట: పెట్రోలు తరుగుచున్నను దాని చోటికి గాలి రానందున టాంకులో శూన్యమేర్పడి, పంపు తోడలేక పోవును. రెండవది కాయిలు లోపలి తీగచుట్ట వేడికి సాగి, ఎచ్చటనో తెగియున్న సంధి విడిపోవుట. చల్లారినపుడు ఆ కొసలు మరల కలియును. విశ్రాంతిలో మొదటిదానికి గాలి మెల్లగ దూరును, రెండవదానికి వేడి తగ్గును, ఫలితము మాత్రమొక్కటియే. వీనిని వేరుచేయుటకు తొందరయే సాధనము. ఆగిన క్షణముననే టాంకు మూతను కొంచెము వదలుచేసి చెవి యొగ్గవలెను. బుస్సుమని గాలి లోనికి పోయి, వెంటనే యంత్రము నడచినచో గాలిదారి దోషము, అది సూదిమొనతో బాగగు వ్యాధి. మూత తీసినను నడువకున్నచో, చల్లారనీయక వెంటనే రవ్వను పరీక్షింపవలెను. వేడిలో రవ్వ లేక, చల్లారిన పిమ్మట వచ్చినచో కాయిలు మార్పవలసినదే. చాయ త్రాగివచ్చి తీరికగ పరీక్షించువానికి రెండును నిర్దోషములుగనే కనబడును.

ఇంతవరకు చెప్పినవి చిన్న ఖర్చుల వ్యాధులు. పిస్టను సంగతి వేరు. స్టార్టరు పిడిని పట్టి రంపమును గాలిలో వ్రేలాడదీసినపుడు, అది ఆగి ఆగి, మెట్లు దిగుచున్నట్లు మెల్లగ దిగినచో సంపీడనము కలదు. జఱ్ఱున జారిపోయినచో లేదు. ఒత్తిడి గేజి కలవారు ప్లగ్గు రంధ్రమున దానిని బిగించి చూతురు: చదరపు అంగుళమునకు 120 మొదలు 150 పౌండ్లవరకు ఆరోగ్యము, 90కి దిగువనున్న రంపము లేచుటయే కష్టము. అంతకంటె సూటియైన మార్గము సైలెన్సరును విప్పి, దాని వెనుకనున్న కిటికీగుండ పిస్టనును కన్నులార చూచుట. మసి గట్టి సైలెన్సరే మూసికొనియుండుటయు నుండును. అట్లయిన గోకి శుభ్రపరచుటతో పని ముగియును. పిస్టను నునుపుగ, సన్నని యంత్రపు గీట్లతో నున్నచో సంతోషము. నిలువు గాట్లు పడి లోహము పూసికొని యున్నచో, ఆ గాట్లు ఎచ్చట నున్నవో చదువవలెను. చుట్టును సమానముగ నున్నచో పెట్రోలులో చమురు కలపలేదు, లేదా చాలినంత కలపలేదు. గాలి వచ్చువైపున మాత్రమే గరుకుగ నున్నచో ఎయిర్ ఫిల్టరు చిరిగి ధూళి లోనికి పోయినది. సైలెన్సరు వైపున మాత్రమే నున్నచో, మిశ్రమమున పెట్రోలు తక్కువై, ఆ వైపు అసలే వేడియెక్కువ గనుక పిస్టను వ్యాకోచించి సిలిండరును పట్టుకొనినది.

ఈ మూడవ సందర్భముననే మరమ్మతులు విశేషముగ పొరబడును. క్రొత్త పిస్టను, క్రొత్త రింగులు వేసి, సిలిండరుకంటిన అల్యూమినియమును తొలగించి యిచ్చివేయుదురు. కొన్ని గంటల పనిలోనే క్రొత్త పిస్టనును ప్రాతదాని గతియే పట్టును. ఏలయన పెట్రోలు ఏల తక్కువైనదను ప్రశ్న అడుగబడలేదు. ప్రాత రంపములందు దీనికి తరచుగ జవాబుదారి క్రాంకు ఇరుసు రెండు కొసలనుండు రబ్బరు సీళ్ళు. క్రాంకు గది యొక పంపు గనుక, అది గాలి చొరని పెట్టెగ నుండవలెను. సీలు పెదవి బిరుసెక్కి వదలైనచో, పిస్టను పైకి పోయిన ప్రతి పర్యాయమును కార్బురేటరునకు తెలియకుండ కొంత గాలి ప్రక్కదారిని జొరబడి మిశ్రమమును పలుచన చేయును. విచిత్రమేమన, అట్టి యంత్రము కొంతకాలము పూర్వముకంటె చురుకుగ నడచినట్లు తోచును! గొంతు హెచ్చును, చుట్లు హెచ్చును, యజమాని మురియును. వేగపు మీటను వదలినను వేగము వెంటనే తగ్గక జాగుచేయుట, ప్రక్కకు వంచినపుడు ఖాళీ నడక మారుట, ఎంత సరిచేసినను నిలుకడ లేకుండుట దీని చిహ్నములు. గాలి పోవు దారియు వచ్చు దారియు రబ్బరు బిళ్ళలతో మూసి, చిన్న పంపుతో సుమారు అర బారు ఒత్తిడి నింపి, సబ్బునీటితో బుడగలను వెదకవలెను; ఆపై శూన్యముతోను అదే పరీక్ష చేయవలెను, ఏలయన ఒత్తిడికి బిగిసి శూన్యమునకు వదలు సీళ్ళు కలవు. నడచుచున్న యంత్రముమీద పెట్రోలు చిమ్మి వేగము మారునేమో చూచు పద్ధతి యొకటి వాడుకలో నున్నది. వేడి సైలెన్సరు ప్రక్కన అది అగ్నితో చెలగాట మగుటచేత నేను దానిని సిఫారసు చేయను.

సిలిండరు గోడను శుభ్రపరచుట గురించి ఒక మాట. గోడకు పూసికొనిపోయిన అల్యూమినియమును హైడ్రోక్లోరికామ్లముతో కరగింతురు. నికెలు, సిలికాను కార్బైడు కలసిన పూతగల సిలిండరు దీనిని కొంతసేపు ఓర్చుకొనును గాని, క్రోమియము పూతను ఆ యామ్లము తినివేయును. పూత ఎచ్చటనైన లేచియున్నచో అడుగునున్న అల్యూమినియమునుగూడ గుల్లచేయును. వెలువడు హైడ్రోజను మండు వాయువు. గోటితో తడిమిన పూత అంచు తగిలినచో ఆ సిలిండరుపై ఆశ వదలుకొనుట మేలు.

ఇవన్నియు సరియైన పిమ్మటనే కార్బురేటరు మరలకు చేయి తగిలింపవలెను. తక్కువ వేగపు మర, ఎక్కువ వేగపు మర, ఈ రెండును మెల్లగ చివరవరకు మూసి, చాలవరకు ఒక్కొక్క చుట్టు తెరచుట ఆరంభస్థానము. గొలుసు కదలక, ఇంజను ఆగక నుండునట్లు ఖాళీ నడకను నిమిషమునకు 2,500 చుట్లకు కొంచెము పైగ నిలుపవలెను. ఎక్కువ వేగపు మరను చెవితో సరిచేయుటలో చక్కని భౌతికశాస్త్రము దాగియున్నది. మిశ్రమమున పెట్రోలు కొంచెము హెచ్చినపుడు, ఖాళీగ పూర్తి వేగమున తిరుగు టూ స్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టునందును మండలేక, నడుమ నడుమ ఒక చుట్టు తప్పించి మండుచు, బొంగురుగొంతుతో గురగురలాడును. కొయ్యలో దించి భారము పెట్టగనే వేగము తగ్గి, ప్రతి చుట్టునందును మండి, ధ్వని తేటపడును. గాలిలో గురగుర, కొయ్యలో తేట: ఇదియే కావలసినది. గాలిలోనే తేటగ కీచుమను రంపము పెట్రోలునకు ఆకలిగొని యున్నది. అది యెంత ముచ్చటగ వినిపించినను మరను కొంచెము తెరువవలెను. మిశ్రమము విషయమున ప్రాత పుస్తకములు లీటరునకు 40 మిల్లీలీటర్ల చమురు చెప్పును. నేటి మేలురకపు టూ టీ నూనెలు 20తో సరిపోవునని తయారీదారులందురు. నలువదియేండ్ల యంత్రమునకు నేనైతే మొదటి లెక్కవైపే మొగ్గుదును. కొంచెము పొగ హెచ్చిన హెచ్చుగాక.

క్లచ్చు విప్పవలసివచ్చినచో దాని మర చాలవరకు ఎడమచుట్టుదని గుర్తుంచుకొని, ఇరుసు తిరుగకుండ ప్లగ్గు రంధ్రమునుండి మెత్తని త్రాటిముక్కను సిలిండరులోనికి దూర్చి నిలుపవలెను. ఇనుప కడ్డీ దూర్చినచో పిస్టను తల చిల్లిపడును. గొలుసును మోయు బారునకు చమురు వచ్చుచున్నదా యనునది, వేగముగ తిరుగు రంపపు మొనను తెల్లని చెక్కకు ఎడముగ పట్టిన, దానిపై పడు చమురు గీత తెలుపును.

బాగుపడిన ప్రతి రంపమును పనికి పంపవలెనా యనునది వేరు ప్రశ్న. బారు మొన పైభాగమున పావువంతు చోట గొలుసు కొయ్యను తాకినచో, రంపము రెప్పపాటులో కోయువాని ముఖమువైపు ఎగయును. దానిని అడ్డగించుటకు ముందుచేతి కమ్మెకు కలిపిన చైన్ బ్రేకు 1970వ దశకమున వాడుకలోనికి వచ్చినది. అది కలిగిన యంత్రమునకు దాని పట్టీ అరిగినదేమో చూచి, పూర్తి వేగమున కమ్మెను ముందునకు నెట్టిన గొలుసు తక్షణము ఆగుచున్నదని రూఢిపరచుకొనిన పిమ్మటనే యజమానికి అప్పగింపవలెను. అంతకు పూర్వపు రంపములకు ఆ కమ్మెయే లేదు, తరువాత అమర్చుటకును సాధారణముగ వీలుండదు. అట్టివానిని ముచ్చటకొలది బాగుచేసి, పండుగనాడొకసారి త్రాడు లాగి ధ్వని విని, మరల టాంకు ఖాళీచేసి దాచుకొనవచ్చును గాని, కూలిన చింతమాను కొమ్మలలోనికి వానిని పట్టుకొని దిగుటకు నేను సమ్మతింపను.